వద్దన్నది ఎవరు? ఫ్రీలాన్స్ డిజైన్ పనులకి ఇంటర్వ్యూలు ఇచ్చిన అనుభవం

యాడ్ ఏజెన్సీలో ఉద్యోగం మానేస్తున్నానని చెప్పినప్పుడు అందరూ ఒకటే అడిగారు, నెలనెలా డబ్బులెలా వస్తాయని. దానికి కొంత ఏర్పాటు చేసుకునే దిగాను. కొన్ని నెలల ఇంటద్దె పక్కన పెట్టాను, రెండు పాత పరిచయాలు చేతిలో ఉన్నాయి, లాప్‌టాప్ నాదే. ఎవరూ అడగనిది, నేను కూడా ఆలోచించనిది ఇంకొకటుంది. ఉద్యోగానికి ఒకసారి ఇంటర్వ్యూ ఇస్తే కొన్నేళ్ళు గడిచిపోతాయి. ఫ్రీలాన్సింగ్‌లో ప్రతి పనికీ ఇంటర్వ్యూయే. లోగోకి ఒకటి, బ్రోచర్‌కి ఒకటి, చివరికి పచ్చడి సీసా మీద అంటించే లేబుల్‌కి కూడా ఒకటి. వాటిలో సగానికి పైగా "వద్దు" దగ్గర ఆగిపోతాయి. వద్దని కూడా అనకుండా ఆగిపోయేవి వేరే.

నాది విజయవాడ. చేసేదంతా తెలుగు అక్షరాలతో ముడిపడ్డ డిజైన్: పుస్తకాల అట్టలు, ప్యాకింగ్ లేబుళ్ళు, సావనీర్లు (వేడుకల ప్రత్యేక సంచికలు), అప్పుడప్పుడు యాప్‌ల తెలుగు స్క్రీన్లు. ఈ పనికి మనుషులు తక్కువ, కాబట్టి పోటీ కూడా తక్కువే ఉంటుందని బయటివాళ్ళు అనుకుంటారు. పోటీ తక్కువే, నిజం. కానీ ఎదురుగా కూర్చున్నవాళ్ళలో తెలుగు టైపు గురించి తెలిసినవాళ్ళు అంతకన్నా తక్కువ. మనం ఏం చేశామో వాళ్ళకి కనపడకపోతే దానికి విలువెలా కడతారు?

మొదటి పెద్ద ఇంటర్వ్యూ హైదరాబాద్‌లోని ఒక స్టార్టప్‌తో. రైతులకీ చిన్న దుకాణాలవాళ్ళకీ అప్పుల లెక్కలు రాసిపెట్టే యాప్. ఇంగ్లిష్‌లో ఉంది, తెలుగులో కావాలి. ముందు అరగంట వీడియో కాల్. నా పాత పనుల పోర్ట్‌ఫోలియో తెరిచి చూపిస్తుంటే అవతల ఇద్దరున్నారు, డిజైన్ లీడ్ ఒకావిడ, ప్రొడక్ట్ మేనేజర్ ఒకబ్బాయి. ఆ అబ్బాయి వేసిన మొదటి ప్రశ్న, "ఇందులో మీరొక్కరే చేసింది ఎంత?" ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్ళు ఈ ప్రశ్నకి సిద్ధంగా ఉండాలి. నేను ప్రతి పేజీ కింద చిన్నగా రాసే ఉంచాను: ఐడియా ఎవరిది, ఫొటోలు ఎవరివి, అక్షరాలు, లేఅవుట్ నావి అని. గొప్పకి పోయి అంతా నాదే అంటే తర్వాతి ప్రశ్నకే దొరికిపోతాం. పైగా సగం నాదని విడమరిచి చెప్తే, ఆ సగం మీద వాళ్ళకి నమ్మకం కుదురుతుంది.

ఆ తర్వాత టెస్ట్ ఇచ్చారు. మూడు స్క్రీన్లు, రెండు రోజులు. డబ్బుల ఊసు లేదు. చేశాను, ఇష్టంగానే చేశాను. తెలుగు యాప్ అంటే ఇంగ్లిష్ మాటలు తీసేసి అక్కడ తెలుగు మాటలు పెట్టడం కాదని చూపించాలని నా పట్టుదల. ఇంగ్లిష్ అక్షరం ఒక గీత మీద నిలబడుతుంది. తెలుగులో గుడి పైకి లేస్తుంది, వత్తు కిందికి దిగుతుంది. "లక్ష్మి" అని బటన్ మీద రాయండి, ఇంగ్లిష్‌కి కొలిచిన ఎత్తులో మకారవత్తు అడుగు తెగిపోతుంది. "రాష్ట్రం"లో ష కింద రెండు వత్తులు. ఆండ్రాయిడ్‌లో ఇంగ్లిష్‌కి వాడే రోబోటో ఫాంట్‌లో తెలుగు లేదు, కాబట్టి ఫోన్ తనంతట తాను నోటో సాన్స్ తెలుగుకి మారుతుంది. ఐఫోన్‌లో అయితే కోహినూర్ తెలుగు వస్తుంది. రెండింటి ఎత్తులు ఒకటి కావు. అందుకే వరుసల మధ్య ఖాళీ పెంచి, బటన్ల ఎత్తు పెంచి, "మొత్తం చెల్లించవలసిన బాకీ" లాంటి పొడుగు మాటల్ని "ఇంకా ఇవ్వాల్సింది" అని కుదించి, ఎందుకలా చేశానో పక్కన నాలుగు ముక్కలు రాసి పంపించాను.

రెండో కాల్ గంటసేపు జరిగింది. డిజైన్ లీడ్ చాలా మంచి ప్రశ్నలు వేసింది. అంకెలు తెలుగువి వాడారేం, మామూలువి వాడలేదేం అని అడిగింది. వాడలేదండీ, ఒక స్క్రీన్‌లో పోలిక కోసం మాత్రమే పెట్టాను, దుకాణంలో ఎవరూ తెలుగు అంకెలతో లెక్క రాయరు అన్నాను. నవ్వింది. కాల్ అయ్యాక పని వచ్చేసినట్టే అనుకుని అమ్మకి చెప్పాను కూడా. పది రోజుల మౌనం తర్వాత మెయిల్ వచ్చింది: మీ పని మాకు ఎంతో నచ్చింది, అయితే ప్రస్తుతానికి వేరే దారిలో ముందుకు వెళ్తున్నాం, భవిష్యత్తులో తప్పకుండా.

ఆ వాక్యాన్ని నేను ఎన్ని రకాలుగా చదివానో చెప్పలేను. "వేరే దారి" అంటే వేరే డిజైనరా? "ఎంతో నచ్చింది" అంటే మర్యాదా? మూడో స్క్రీన్‌లో ఆకుపచ్చ ఎక్కువైందా? రేటు ఎక్కువ చెప్పానా? అమ్మ మాత్రం సాయంత్రం కూరగాయలు తరుగుతూ, "ఏమన్నారే వాళ్ళు?" అంది. వద్దన్నారు అన్నాను. "ఎవరు?" అంది. ఆ ప్రశ్న నాకప్పుడు విసుగనిపించింది. కంపెనీ అమ్మా, ఎవరేంటి అన్నాను.

చాలా రోజుల తర్వాత ఆ డిజైన్ లీడ్ ఉద్యోగం మారి, వేరే పని మీద నాకు ఫోన్ చేసినప్పుడు అసలు సంగతి తెలిసింది. తెలుగు వెర్షనే ఆపేశారట. ముందు హిందీలో తెచ్చి చూద్దామని పైవాళ్ళు నిర్ణయించారు. నా స్క్రీన్లు ఆ పైవాళ్ళు ఎవరూ తెరిచి చూడనే లేదు. నేను నిద్ర మానుకుని ఆలోచించిన ఆకుపచ్చ రంగుకీ ఆ నిర్ణయానికీ ఏ సంబంధమూ లేదు. అమ్మ అడిగిన "ఎవరు?" సరైన ప్రశ్నే అని అప్పుడు ఒప్పుకున్నాను. ఆవిడకి మాత్రం చెప్పలేదు, చెప్తే ఇంక పట్టుకోలేం.

అప్పట్నుంచి ప్రతి ఇంటర్వ్యూలోనూ నా మనసులో తిరిగే ప్రశ్న ఇదే. ఇక్కడ వద్దు అనగలిగే మనిషి ఎవరు? ఆ మనిషి నా పని చూశాడా? చూసి వద్దంటే అది నాకు పనికొచ్చే మాట, కూర్చుని ఆలోచించాలి. చూడకుండా వద్దంటే దాన్ని ఇంటిదాకా మోసుకురావడం అనవసరం. చెప్పడం తేలిక, రాత్రి పడుకున్నప్పుడు రెండూ ఒకేలా గుచ్చుకుంటాయి. కాకపోతే మర్నాడు పొద్దున తేడా తెలుస్తుంది.

తెనాలి దగ్గర పచ్చళ్ళ వ్యాపారం చేసే ఒక కుటుంబం ఉంది. ఇంట్లో మొదలై, దుకాణం పెట్టి, ఇప్పుడు కొరియర్‌లో ఊళ్ళకి పంపే స్థాయికి వచ్చారు. కొడుకు ఎంబీఏ చదివాడు, నా పని ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి ఫోన్ చేశాడు. వాట్సాప్‌లో ఎన్నో మాటలు అయ్యాయి, రంగులు, బొమ్మలు, "మినిమల్‌గా ఉండాలి మేడమ్" అని. రండి ఒకసారి అంటే దుకాణానికి వెళ్ళాను. వెళ్ళాక కొడుకు పక్కకి జరిగి నిలబడ్డాడు. గల్లాపెట్టె దగ్గర తండ్రి.

"ఏమ్మా, ఇది కాయితమా, ప్లాస్టిక్కా?" అన్నాడాయన నా నమూనా లేబుల్ చేతిలోకి తీసుకుని. కాగితమేనండీ, ఇది చూడ్డానికి మాత్రమే అన్నాను. పక్కనున్న ఆవకాయ జాడీలో గరిటె ముంచి, ఒక చుక్క నూనె లేబుల్ మీద వేశాడు. బొట్టు ఇంకి అక్షరాలు మసకబారాయి. నా కెరీర్‌లో అంత సూటైన డిజైన్ రివ్యూ ఎవరూ చేయలేదు. నేను చెప్పాను, సీసాకి పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ స్టిక్కర్ మీద ప్రింట్ చేయించి పైన లామినేషన్ వేయిస్తే నూనె ఇంకదు, గుడ్డతో తుడిస్తే పోతుంది అని. తల ఊపాడు. తర్వాత ప్రశ్న, "ఇవన్నీ ఎక్కడ పెడతావ్?" లైసెన్స్ కాగితాలు బల్ల మీద పెట్టాడు.

నాకు నచ్చిన భాగం ఇదే. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే లైసెన్స్ నంబరు 14 అంకెలు, దాని లోగోతో ఉండాలి. శాకాహారానికి ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ గుండు. పదార్థాలు బరువు ఎక్కువైన దాని నుంచి తక్కువైన దానికి వరసగా. నికర బరువు, ఎమ్మార్పీ, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలి, ఫిర్యాదుకి ఫోన్ నంబరు. లేబుల్ సైజును బట్టి అంకెలు కనీసం ఎంత ఎత్తుండాలో కూడా రూల్సున్నాయి. ఇన్ని పెట్టాక వాళ్ళబ్బాయి అడిగిన మినిమల్ ఎక్కడుంటుంది? ముందువైపు పేరు, గుర్తు, బరువు మాత్రం ఉంచి, మిగతాదంతా వెనక లేబుల్‌కి తోసేసిన లేఅవుట్ చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. "బానే చేశావమ్మా. ఎంతవుద్ది?" అన్నాడు. ఆరు రకాల పచ్చళ్ళకి కలిపి 35,000 చెప్పాను.

రెండ్రోజులకి కొడుకు ఫోన్. గొంతు నలిగిపోయి ఉంది. "సారీ మేడమ్, మా నాన్నగారు ప్రెస్సువాళ్ళతో మాట్లాడారు. స్టిక్కర్లు అక్కడే ప్రింట్ చేయిస్తే డిజైన్ ఫ్రీ అంట."

ఈ "డిజైన్ ఫ్రీ" అన్నది మన ఊళ్ళలో డిజైనర్‌కి ఎదురయ్యే అసలు పోటీ. నేను మనసులో పోల్చుకునేది హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉన్న డిజైనర్లతో. దుకాణంవాళ్ళు పోల్చేది సున్నాతో. శుభలేఖల దగ్గర్నుంచి డాక్టరుగారి చీటీ దాకా ప్రెస్సులోనే కూర్చుని, కంప్యూటర్‌లో పేజీలు కూర్చే డీటీపీ ఆపరేటర్ పక్కనుండి చేయించుకోవడం అలవాటైన చోట, అక్షరాలకి వేరే డబ్బివ్వడం ఆ పచ్చళ్ళాయనకి వింతగా ఉండటంలో ఆయన తప్పేమీ లేదు. ఆ ఆపరేటర్లని నేను తక్కువ చేయను. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, అను అనే పాతకాలపు తెలుగు ఫాంట్లతో వాళ్ళు కొట్టే వేగం నాకు రాదు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, దాన్ని ఇప్పటికీ బతికిస్తున్నది వాళ్ళే.

ఇక్కడ వద్దన్న మనిషి నా పనిని చూశాడు. నూనె పోసి మరీ చూశాడు. నచ్చిందన్నాడు, వద్దన్నాడు. కాబట్టి ఇది ఆలోచించాల్సిన వద్దు. ఆలోచిస్తే తేలింది, నేను ఆయనకి డిజైన్ ధర చెప్పాను, ఆయనకి కావలసింది అంటించిన సీసా ధర. తర్వాత ఇలాంటి చిన్న వ్యాపారాలకి వెళ్ళినప్పుడు ప్రింటింగ్‌తో కలిపి ఒకే అంకె చెప్పడం మొదలుపెట్టాను, స్టిక్కర్‌కి ఇంత పడుతుంది అని. ప్రెస్సుతో నేనే మాట్లాడుకుంటాను. అందులో నా డిజైన్ డబ్బు ఉంటుంది, కానీ దాని గురించి బేరం రాదు. ఇది కళకి అవమానం అని ఒక మిత్రుడు వాదించాడు. ఆయనకి నెల జీతం వస్తుంది, వాదించొచ్చు.

కమిటీల సంగతి వేరు. అమెరికాలో ఒక తెలుగు సంఘం వాళ్ళ వేడుకలకి సావనీర్ కావాలన్నారు. కాల్ వాళ్ళకి రాత్రి తొమ్మిదింటికి, నాకు పొద్దున ఆరున్నరకి. తెర మీద చిన్న చిన్న గళ్ళల్లో బోలెడుమంది, సగంమంది కెమెరా ఆపేసి ఉన్నారు. నేను అడగాల్సినవి అడిగాను. వ్యాసాలు ఏ రూపంలో వస్తాయి? కొన్ని ఫోన్లలో, నెట్‌లో వాడే యూనికోడ్ అక్షరాల్లో, కొన్ని అను ఫాంట్లలో చేసిన పీడీఎఫ్‌లుగా, కొన్ని వాట్సాప్‌లో ఫొటోలుగా అన్నారు. అయితే అనువి యూనికోడ్‌లోకి మార్చడానికీ, ఫొటోల్లోవి మళ్ళీ టైప్ చేయడానికీ, ప్రూఫ్ దిద్దడానికీ సమయం వేరే కావాలని చెప్పాను. ప్రింట్ అక్కడా ఇక్కడా? అక్కడైతే ఏ4 కాదు, లెటర్ సైజు. ఎవరు చివరి మాట చెప్తారు? ఈ ప్రశ్నకి నిశ్శబ్దం. తర్వాత ఒకాయన, "అందరం కలిసి డిసైడ్ చేస్తామండీ" అన్నాడు. ఇంకొకావిడ, "మీరు రెండు మూడు కవర్లు చేసి పంపండి, చూసి చెప్తాం" అంది.

"అందరం కలిసి" అన్నప్పుడే నాకు సగం తెలిసిపోయింది. మూడు కవర్లు చేయలేదు. ఒకటి చేస్తాను, దానికి ఇంత అవుతుంది, పని నాకే ఇస్తే అది మొత్తంలో తగ్గిస్తాను అని మర్యాదగా మెయిల్ పెట్టాను. వారం తర్వాత ఒక కమిటీ సభ్యుడి వాళ్ళ అమ్మాయి కాలేజీలో డిజైన్ చదువుతోందని, తను చేస్తానందని రాశారు. చక్కగా, గౌరవంగా రాశారు. నాకు బాధేమీ కలగలేదు. ఆ అమ్మాయి మీద కొంచెం జాలి వేసింది, అను పీడీఎఫ్‌లు అన్నీ తన నెత్తినే పడతాయి కదా.

ఉచిత టెస్ట్ గురించి రెండు మాటలు. డిజైన్ వృత్తిలో దీని మీద చాలాకాలంగా గొడవ ఉంది. అమెరికాలో డిజైనర్ల సంఘం ఏఐజీఏ, పని ఇస్తారో లేదో తెలియకుండా ముందే పని చేయించుకోవడాన్ని తప్పుపడుతుంది. మన దగ్గర అంత గట్టిగా చెప్పే పెద్ద దిక్కు లేదు, ఎవరికి వాళ్ళే చెప్పుకోవాలి. నేను పెట్టుకున్న పద్ధతి ఇది: పాత పని ఎంతైనా చూపిస్తాను, దాని గురించి ఎంతసేపైనా మాట్లాడతాను, వాళ్ళు తెచ్చిన డిజైన్ ముందు పెడితే అక్కడికక్కడే నోటితో ఏం మారుస్తానో చెప్తాను. కొత్తగా గీయాలంటే మాత్రం టెస్ట్ ఫీజు, చిన్నదే. ఫీజు అడిగితే పారిపోతారని భయపడ్డాను. కొందరు పారిపోయారు కూడా. కానీ ఉన్నవాళ్ళు జవాబు త్వరగా ఇస్తారని గమనించాను. డబ్బు పెట్టి చేయించుకున్నది ఎవరో ఒకరు తప్పక తెరిచి చూస్తారు. నాకు కావలసింది ముందు అదే.

ఫ్రీలాన్సర్లకి పనులు దొరికే వెబ్‌సైట్ అప్‌వర్క్‌లో కూడా కొన్నాళ్ళు ప్రయత్నించాను. అక్కడ ఒక్కో ప్రపోజల్‌కి కనెక్ట్స్ అని టోకెన్లు ఖర్చవుతాయి, అయిపోతే డబ్బులిచ్చి కొనుక్కోవాలి. ఒక ఉద్యోగానికి కొన్ని డజన్లమంది పోటీ. తెలుగు అక్షరాల పని అక్కడ అరుదు, వస్తే అనువాదంతో కలిపి అడుగుతారు. అక్కడి తిరస్కారాలకి ముఖమే లేదు, లిస్టులోంచి మన పేరు జారిపోవడమే. నాకు అది సరిపడలేదు, మానేశాను. ఇంగ్లిష్‌లో లోగోలూ వెబ్‌సైట్లూ చేసే ఒక స్నేహితురాలికి మాత్రం అదే అన్నం పెడుతోంది.

మౌనం గురించి చెప్పాలి, ఎందుకంటే వద్దు కన్నా అదే ఎక్కువ తినేస్తుంది. "చూసి చెప్తాం" అన్నాక ఫోన్ ఎప్పుడు చేయాలి? రెండోరోజే చేస్తే ఆత్రం అనుకుంటారేమో, పదిరోజులు ఆగితే మనకి అవసరం లేదనుకుంటారేమో. ఈలోగా ఇంకో పని వస్తే ఒప్పుకోవాలా? నాకు దీనికి మందు ప్రింటింగ్ ప్రెస్సులో దొరికింది. కాగితం రేట్లు మారుతుంటాయని వాళ్ళు కొటేషన్ కింద "ఈ ధర 15 రోజులు మాత్రమే" అని కొడతారు. నేనూ అదే పెట్టాను: ఈ ధర, ఈ తేదీలు ఫలానా శనివారం దాకా. శనివారం రాకముందు ఒకే ఒక్కసారి గుర్తుచేస్తాను. ఆదివారానికి జవాబు లేకపోతే నా పుస్తకంలో దాన్ని కొట్టేసి, ఆ తేదీలు ఇంకొకరికి ఇచ్చేస్తాను. వాళ్ళు వద్దనకపోయినా సరే, వద్దు అన్నట్టే. ఎదురుచూపుకి ఒక చివరి రోజు ఉంటే మనసు కుదుటపడుతుంది. చిత్రంగా, శుక్రవారం సాయంత్రం ఫోన్లు కూడా పెరిగాయి.

ఇంకొకటి. వద్దన్నాక కారణం తెలుసుకోవడం. "దయచేసి ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి" అని రాస్తే ఎవరూ ఇవ్వరు. మొహమాటం. పెద్ద జవాబు రాయాలేమో అన్న బద్ధకం. ఇప్పుడు నేను వాట్సాప్‌లో ఒకటే లైను పెడతాను: "తెలుసుకోవడానికే అడుగుతున్నానండీ, ధర కుదరలేదా, స్టైల్ కుదరలేదా, సమయం కుదరలేదా?" మూడింట్లో ఒకటి ఎంచుకోమంటే మనుషులు టక్కున ఎంచుకుంటారు. ఎక్కువమంది ధర అంటారు. కొందరు "నాలుగోది మేడమ్, మా పార్టనర్‌కి ఇష్టం లేదు" అని రాస్తారు, అప్పుడు మళ్ళీ అమ్మ ప్రశ్నకే వస్తాం. స్టైల్ అని ఒకావిడ రాసింది, మీ డిజైన్లన్నీ పుస్తకాల్లా ఉన్నాయి, మాది బట్టల కొట్టు అని. ఆ మాటకి రెండ్రోజులు కోపంగా తిరిగాను. మూడోరోజు పోర్ట్‌ఫోలియో తెరిచి చూస్తే అన్నీ పుస్తకాల్లానే ఉన్నాయి. మార్చాలనిపించలేదు. బట్టల కొట్లకి వెళ్ళడం తగ్గించి, పబ్లిషర్లకి ఫోన్లు చేయడం పెంచాను.

డబ్బు మాటలు ఇంటర్వ్యూలోనే తేలాలి. సగం అడ్వాన్స్, ఎన్ని సార్లు మార్పులు, మిగతా సగం ఎప్పుడు. కంపెనీలైతే వృత్తి సేవల కింద పది శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, కోసుకుని ఇస్తాయి, 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 50,000 దాటితేనే. ఆ కోత సంగతి ముందు తెలియకపోతే బ్యాంకులో పడిన అంకె చూసి గుండె గుభేలంటుంది. చిన్న సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా రిజిస్టర్ చేసుకున్నాను. సూక్ష్మ, చిన్న సంస్థలకి కొనుగోలుదారు ఒప్పందం ఎలా రాసుకున్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 చట్టం చెప్తుంది. కోర్టుకి వెళ్ళేంత పంతం నాకు లేదు. కానీ ఇన్వాయిస్ మీద ఆ ఉద్యమ్ నంబరు ఉంటే అకౌంట్స్ విభాగంలో కాస్త కదలిక ఉంటుంది.

హైదరాబాద్ స్టార్టప్ డిజైన్ లీడ్ ఫోన్ చేసిందన్నాను కదా. వాళ్ళ చిన్నాన్నగారు పుస్తకాలు వేస్తారట, చిన్న ప్రచురణ సంస్థ, కథల సంపుటికి అట్ట కావాలి. వెళ్ళాను. పెద్దాయన, గదినిండా పుస్తకాలు, ఫ్యాను గాలికి ప్రూఫులు ఎగరకుండా మీద రాళ్ళు. చివరి మాట ఎవరిదండీ అని అడగబోయి ఆగాను, ఆ గదిలో ఆయన తప్ప ఎవరూ లేరు. "మొదట కథలు చదువు. తర్వాత మాట్లాడదాం" అన్నారు. పోర్ట్‌ఫోలియో చూడలేదు. ఇంటర్వ్యూ అంతా రెండోసారి వెళ్ళినప్పుడు జరిగింది, అదీ కథల మీద. ఏ కథ నచ్చింది, ఎందుకు, అట్ట మీద మనిషి బొమ్మ ఉండాలా వద్దా. ఆయన ఉండకూడదన్నారు, నేను ఉండాలన్నాను. పని ఇచ్చారు.

ఇచ్చాక తిరస్కారాలు మొదలయ్యాయి. మొదటి అట్ట చూసి, "అమ్మాయ్, ఇది బావుంది. ఈ పుస్తకానిది కాదు" అన్నారు. రెండోది సురవరం ఫాంట్‌తో చేశాను, అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన ఉచిత ఫాంట్లలో అది నాకు బాగా ఇష్టం. అక్షరం చూసి "వార్తాపత్రికలా ఉంది" అన్నారు. మూడోది చేత్తో రాశాను. డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇల్లస్ట్రేటర్‌లో ఇండిక్, అంటే భారతీయ లిపుల ఆప్షన్లు ఆన్ చేయకుండా టైప్ చేస్తే వత్తులు విడిపోయి పొల్లులై కూర్చుంటాయి, చేత్తో రాస్తే ఆ బాధే లేదు. మూడోదానికి ఏమీ అనలేదు, ప్రింటర్‌కి ఫోన్ చేసి కాగితం ఆర్డర్ ఇచ్చారు. అన్ని "వద్దు"లు విన్నా ఆ పనిలో నాకు ఒక్కరోజు కూడా నిద్ర చెడలేదు. ఆయన చూసి చెప్పేవారు, నా ఎదురుగా చెప్పేవారు, ఏది కాదో చెప్పేవారు.

ఆ పరిచయంతోనే ఈమధ్య పిల్లల కథల పుస్తకం వచ్చింది. బొమ్మలు వేయడానికి ఆర్టిస్టుని వెతికే పని కూడా నాదే. అంటే ఈసారి బల్లకి అవతలవైపు నేను. చాలామంది పంపారు, ఇద్దరి దగ్గర ఆగాను, ఇద్దరికీ టెస్ట్ ఫీజు ఇచ్చి ఒక్కో బొమ్మ వేయించాను. గుంటూరు అబ్బాయి బొమ్మ అద్భుతంగా ఉంది, సన్నటి గీతలు, లేత నీడలు. విశాఖ అమ్మాయిది మొరటుగా, లావు గీతలతో ఉంది. పుస్తకం వేసేది 70 జీఎస్‌ఎమ్ మాప్‌లిథో, అంటే మామూలు పుస్తకాల కాగితం మీద, ఒకే రంగులో. ఆ కాగితం ఇంకు పీల్చేసుకుంటుంది, సన్నటి నీడలన్నీ కలిసిపోయి మచ్చలా అవుతాయి. అబ్బాయికి వద్దని రాయాల్సొచ్చింది. మెయిల్ మొదలుపెడితే వేళ్ళు వాటంతటవే "మీ పని మాకు ఎంతో నచ్చింది, అయితే" అని కొట్టాయి. చెరిపేసి ఫోన్ చేశాను. నిర్ణయం నాదే అని, కాగితం వల్ల అని, బొమ్మ మాత్రం తెలిసినవాళ్ళకి చూపిస్తానని చెప్పాను.

గంటలో ఆ అబ్బాయి అదే బొమ్మని లావు గీతలతో మళ్ళీ వేసి పంపాడు. "దీనికి డబ్బులొద్దక్కా, ఒక్కసారి చూడండి చాలు" అని. చూశాను. బావుంది, కానీ చేయి మొరాయించినట్టు తెలుస్తోంది, అది అతని గీత కాదు. రెండో బొమ్మకి కూడా 2,000 వేసి, పని విశాఖ అమ్మాయికే ఇచ్చాను. అతను ఆ డబ్బులు వెనక్కి పంపబోతే తీసుకోలేదు నేను. నున్నటి ఆర్ట్ పేపర్ మీద రంగుల్లో వేసే పుస్తకం ఒకటి మాటల్లో ఉంది, దాని కొటేషన్‌లో అతని రేటు కూడా కలిపే పంపాను. గడువు వచ్చే శనివారం.